డర్హం బొగ్గు ఊళ్ల జ్ఞాపకాలను తేలిగ్గా తీసిపారేయొద్దు

మాది గోదావరిఖని. నాన్నది బాయి పని. ఉద్యోగం కోసం కొన్నేళ్లు ఇంగ్లండ్ ఉత్తరాన డర్హం దగ్గర ఉన్నప్పుడు మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉండేవాడు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, అక్కడి బొగ్గు ఊళ్లోనే పుట్టినవాడు. అప్పటిదాకా వానా చలీ తప్ప మా మధ్య వేరే మాట ఉండేది కాదు. మా నాన్నదీ బొగ్గుగని పనే అని తెలిసిన రోజు నుంచి ఆయన మాట్లాడే తీరే మారిపోయింది. ఇంట్లోకి పిలిచి, టీ ఇచ్చి, తన చిన్నతనం చెప్పడం మొదలుపెట్టాడు.

గని కార్మికుల ఇళ్లలో పొయ్యికి కావాల్సిన బొగ్గు గనివాళ్లే ఇచ్చేవాళ్లు. బండి వచ్చి వెనక సందులో గోడ పక్కన కుప్ప పోసి వెళ్లిపోయేది. చీకటి పడేలోపు ఆ కుప్పను పారతో బొగ్గు గదిలోకి ఎత్తిపోయడం పిల్లల పని. పెద్ద పెళ్లలను ముందు చేత్తో ఏరి వెనక పేర్చుకోవాలి, లేకపోతే పొడి అంతా జారి తలుపుకి అడ్డం పడుతుంది. పక్కింట్లో ముసలావిడ ఒక్కతే ఉండేదట, ముందు ఆమె కుప్ప ఎత్తాకే సొంత కుప్ప ముట్టుకోవాలి. అలా చేయమని ఎవరూ చెప్పింది లేదు, ఆ సందులో అది అంతే. సోమవారం బట్టలుతికే రోజు. ఈ గోడ నుంచి ఆ గోడకు తాళ్లు కట్టి దుప్పట్లు ఆరేసేవాళ్లు, సరిగ్గా అప్పుడే బొగ్గు బండి వచ్చిందంటే ఆడవాళ్లంతా పరుగెత్తుకొచ్చి కర్రలతో తాళ్లు పైకెత్తి పట్టుకుంటే ఆ తడి దుప్పట్ల కింద నుంచి గుర్రం నడిచి వెళ్లేది.

ఇలాంటివి చెప్పగానే అక్కడి పేపర్లలో, టీవీల్లో విశ్లేషణ చేసేవాళ్లు ఒక ముద్ర వేసేస్తారు: నోస్టాల్జియా. 2016 రెఫరెండంలో కౌంటీ డర్హంలో 57.5 శాతం మంది యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలని ఓటేశారు. 2019లో బిషప్ ఆక్లండ్, సెడ్జ్‌ఫీల్డ్ పార్లమెంటు సీట్లు కార్మికుల పార్టీ అయిన లేబర్ చేజారిపోయాయి, సెడ్జ్‌ఫీల్డ్ అంటే మాజీ ప్రధాని టోనీ బ్లెయిర్ ఏళ్ల తరబడి గెలిచిన సీటు. 2025 మేలో మన జిల్లా పరిషత్ లాంటి కౌంటీ కౌన్సిల్ కూడా రిఫార్మ్ యూకే అనే కొత్త పార్టీ చేతికి వెళ్లింది. ప్రతిసారీ అదే మాట వినిపించింది, వీళ్లు పాత రోజుల్లో ఇరుక్కుపోయారని, గతం మీద బెంగ పెట్టుకున్నారని. ఆ ఓటు సరైందా కాదా అన్నది వేరే చర్చ. కానీ ఈ జ్ఞాపకాలను బెంగ అనుకుని పక్కన పెడితే అసలు ఫిర్యాదే వినపడకుండా పోతుంది. ఆ ఫిర్యాదు 1980ల నాటి ప్రధాని మార్గరెట్ థాచర్‌తో మొదలైంది కాదు. గనుల మూత మీద కార్మికులు ఆమె ప్రభుత్వంతో తలపడ్డ 1984 సమ్మెకి చాలా ముందునుంచే ఉంది.

1947 జనవరి 1న గనులన్నీ జాతీయమయ్యాయి. ప్రతి గని దగ్గరా బోర్డు పెట్టారు, ఈ గనిని ఇకపై ప్రజల తరఫున నేషనల్ కోల్ బోర్డ్ నడుపుతుందని. పెద్దాయనకి అప్పుడు ఎనిమిదేళ్లు. వాళ్ల నాన్న భుజం మీద చెయ్యి వేసి ఆ బోర్డు చదివించాడట, రెండుసార్లు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1951లో, డర్హం కౌంటీ కౌన్సిల్ అభివృద్ధి ప్రణాళిక తయారుచేసి జిల్లాలోని ఊళ్లను ఏ, బీ, సీ, డీ అని నాలుగు రకాలుగా విడగొట్టింది. డీ కిందికి 114 ఊళ్లు వచ్చాయి, తర్వాత అవి 121 అయ్యాయి. డీ అంటే ఆ ఊరికి ఇక పెద్దగా పైసా పెట్టుబడి ఉండదు. ఉన్న ఇళ్లు పాడయ్యేదాకా ఉండనిచ్చి, ఆ తర్వాత కూల్చేసి, జనాన్ని వేరే చోటికి పంపాలి. గనులు అడుగంటుతున్నాయి, అక్కడ కొత్త పని రాదు, ఇళ్లు పాతబడ్డాయి, అలాంటప్పుడు కొత్త డ్రైనేజీకి, కొత్త బడికి డబ్బు పోయడం దండగ అన్నది లెక్క. కాగితం మీద చూస్తే తప్పు పట్టడం కష్టమే.

దెబ్బ తగిలింది ఇంకోచోట. ఆ కౌన్సిల్ పరాయివాళ్లది కాదు. 1919లో దేశం మొత్తం మీద లేబర్ పార్టీ మొదటిసారి గెలిచిన కౌంటీ కౌన్సిల్ అదే. అప్పుడు దానికి నాయకత్వం వహించిన పీటర్ లీ పదేళ్ల వయసులో గనిలో పనికి దిగిన మనిషి, 1948లో కొత్తగా కట్టాలని నిర్ణయించిన పీటర్‌లీ పట్టణానికి ఆ పేరు ఆయనదే. అంటే గని కార్మికులు తమ చేతులతో కట్టుకున్న పార్టీ, తమ ఓట్లతో నిలబెట్టుకున్న కౌన్సిల్, తమ ఊరికి బతికే అర్హత లేదని తమను అడక్కుండానే రాసేసింది. పోరాడి నిలబడ్డ ఊళ్లు చాలానే ఉన్నాయి, విటన్ పార్క్ అందులో ఒకటి. 1977లో ఆ విధానాన్నే ఎత్తేశారు. మధ్యలో గడిచిన ఆ ఇరవై ఆరేళ్లు డీ ఊళ్లో పెరిగిన పిల్లాడికి ఏం నేర్పాయో ఎవరైనా లెక్కేశారా? బడి గోడ పగిలితే ఎవరూ రారు, దుకాణం మూస్తే ఇంకోటి రాదు, ఎందుకని అడిగితే అమ్మా నాన్నా మొహాలు చూసుకుంటారు. ఓటింగ్ లెక్కలు వేసేవాళ్లు ఇక్కడి నుంచి మొదలుపెట్టాలని నేనంటాను.

అలాగని ఆ ఊళ్లు స్వర్గాలని నేనట్లేదు. పెద్దాయన మాట్లాడుతున్నంతసేపూ ఆయన భార్య పక్కన కూర్చుని అల్లుకునేది. నన్ను 'పెట్' అని పిలిచేది, అక్కడ చిన్నవాళ్లను ముద్దుగా అలాగే పిలుస్తారు. ఒకరోజు ఆవిడ అల్లిక పక్కన పెట్టి అంది: "ఆయనకి సందు గుర్తుంది, నాకు నీళ్లు గుర్తున్నాయి." వాళ్లింట్లో తండ్రి, ఇద్దరు అన్నలు, ముగ్గురివీ మూడు షిఫ్టులు. ఏ వేళకి ఎవరు వచ్చినా పొయ్యి ముందు రేకు తొట్టిలో వేడినీళ్లు సిద్ధంగా ఉండాలి, ఒకరి వీపు రుద్ది ఆ నల్లనీళ్లు పారబోసేలోపు ఇంకొకరిని పనికి పంపడానికి డబ్బా కట్టాలి. వాళ్లమ్మ వరసగా నాలుగు గంటలు నిద్రపోవడం తను చూడలేదంది. పీటర్‌లీలో కౌన్సిల్ ఇల్లు వచ్చినరోజు వాళ్లమ్మ స్నానాలగదిలో కుళాయి తిప్పి, వేడినీళ్లు వస్తుంటే అలా నిలబడిపోయి ఏడ్చిందట. ఆడవాళ్ల జ్ఞాపకం వినకుండా ఈ ఊళ్ల గురించి రాసేది సగమే అవుతుంది. దుమ్ముతో నిండిన ఊపిరితిత్తులు, గని చెత్త పోసీ పోసీ నల్లబారిన సముద్రతీరం, అవీ ఇందులోవే. ప్రణాళిక వచ్చిన ఆ 1951లోనే మే 29న ఈసింగ్టన్ గనిలో పేలుడు 83 మందిని మింగింది, అందులో ఇద్దరు రక్షించడానికి దిగినవాళ్లు.

కానీ అదే ఆవిడ ఇంకోమాట చెప్పింది. కొత్త ఇంటికొచ్చాక కూడా వాళ్లమ్మ ప్రతి శుక్రవారం బస్సెక్కి పాత ఊరి కో-ఆప్ దుకాణానికే సరుకులకి వెళ్లేదట. అక్కడ ప్రతి సభ్యురాలికీ ఒక నంబరు ఉంటుంది, కొన్నదాన్ని బట్టి లాభంలో వాటా ఆ నంబరు మీద జమవుతుంది. సరుకులకి పంపిన పిల్లలకి ఆ నంబరు కంఠతా రావాలి. ఆవిడ కళ్లు మూసుకుని వాళ్లమ్మ నంబరు గబగబా చెప్పేసింది, డెబ్బై ఏళ్ల తర్వాత. కుళాయి కావాలి, దుకాణమూ కావాలి. ఈ రెండూ ఒకే మనిషి అడగొచ్చన్న ఊహ ఆ ప్రణాళిక రాసినవాళ్లకి రాలేదు. ఊళ్లోనే స్నానాలగదులు కట్టిస్తే సరిపోయే ఇళ్లు ఎన్ని, నిజంగా కూల్చాల్సినవి ఎన్ని అని ఇంటింటికీ తిరిగి అడిగి ఉంటే ఆ జాబితా వేరేగా ఉండేది.

ఇది మనకి దూరపు కథేం కాదు. యెల్లందు దగ్గర భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గు జాడ కనిపెట్టింది 1871లో, డర్హం గని కార్మికులు ఏటా జరుపుకునే గాలా సభ మొదటిసారి పెట్టుకున్నదీ అదే ఏడు. యెల్లందులో 1889లో తవ్వకం మొదలుపెట్టింది ఇంగ్లండ్‌లో పెట్టిన కంపెనీయే. ఓపెన్‌కాస్ట్‌ల కోసం మా దగ్గరా ఊళ్లు లేచిపోయాయి. పరిహారం లెక్కలో ఇంటి కొలత రాస్తారు, భూమి రాస్తారు, చెట్లు లెక్కపెడతారు. బొడ్రాయి ముందు ఎవరు ఎవరికి ఏం బాకీ ఉన్నారో రాసుకునే కాలమ్ ఉండదు. అందుకే పెద్దాయన మాటలు నాకు ఇంగ్లండ్ సంగతుల్లా అనిపించలేదు.

జులై రెండో శనివారం డర్హంలో గాలా ఇప్పటికీ జరుగుతుంది. ఆ కౌంటీలో ఒక్క గనీ మిగల్లేదు, అయినా ఊరూరి బ్యానర్లు బ్యాండు మేళాలతో వస్తాయి. ఆ ఏడాది గనిలో ఎవరైనా చనిపోయి ఉంటే ఆ ఊరి బ్యానర్‌కి నల్లబట్ట చుట్టేవాళ్లు. మేం కలిసి వెళ్లిన ఏడు, మర్నాడు పెద్దాయన నన్ను వాళ్ల ఊరికి తీసుకెళ్లాడు. ఊరు లేదు. గడ్డి, ఒక బెంచీ, కొన్ని చెట్లు. ఆయన ఒక చెట్టు దగ్గర నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. ఇది మా వెనక తలుపు, ఇది పెరటి దొడ్డి, ఇది బొగ్గు గది అంటూ గడ్డిని చూపించాడు. ఇంకో ఆరడుగులు వేసి ఆగి, చేతికర్రతో నేల మీద తట్టాడు.

"ఇది పక్కింటావిడది. ముందు ఇక్కడిది ఎత్తాలి."