మహారాజశ్రీ రిస్కు ఫారం గారి సముఖమునకు

మహారాజశ్రీ రిస్కు ఫారం గారికి నేపాల్‌లోని పోఖరా లేక్‌సైడ్ నుంచి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. నేనిక్కడ క్షేమం. తమరు అక్కడ సొరుగులో క్షేమమని తలుస్తాను. నేను క్షేమంగా లేకపోయినా తమరికి గానీ, తమ యాజమాన్యానికి గానీ, వారి సిబ్బందికి, వారసులకు గానీ ఏ సంబంధమూ లేదని పొద్దున్నే సంతకం పెట్టి ఇచ్చాను కాబట్టి ఈ కుశల ప్రశ్నలు ఊరికే మర్యాదకి.

ఇక అసలు విషయం. ఇవాళ నేను ఎగరలేదు.

"పన్నెండింటికి జీపు, పక్కా" అన్నారు. ఒంటిగంట దాటాక వచ్చింది. (నేపాల్ గడియారం మనకంటే పావుగంట ముందుంటుంది. ఆ ముందున్న పావుగంటని ఎవరు వాడేసుకుంటున్నారో ఇంతవరకూ తేలలేదు.) పారాగ్లైడింగ్ కోసం సారంగ్‌కోట్ కొండ వైపు మలుపులన్నీ ఎక్కించారు. హెల్మెట్ పెట్టారు, హార్నెస్ తగిలించారు. పారాగ్లైడింగ్ హార్నెస్ తొడుక్కున్నవాళ్ళకి చెప్పనక్కర్లేదు. వెనక సీటు వేలాడుతూ పిక్కల మీద కొడుతూ ఉంటుంది. దాన్ని తగిలించుకుని సరిగ్గా నిలబడలేం, కూర్చోలేం. అలా ఒంగీ ఒంగని భంగిమలో కొండ అంచున నిలబడితే, ఎదురుగా ఉండాల్సిన ఫేవా సరస్సు లేదు. అన్నపూర్ణ శ్రేణి లేదు. తెల్లగా మబ్బు. హార్నెస్ తీసేశారు. కాసేపటికి పల్చబడిందని మళ్ళీ తగిలించారు. మళ్ళీ తీశారు. పొద్దు వాలాక అదే జీపు, అవే మలుపులు, ఈసారి కిందికి.

కౌంటర్లో అబ్బాయి ఎంత మంచివాడంటే, నేను "నా డబ్బు" అని ఇంకా పూర్తి చేయకుండానే తమర్ని సొరుగులోంచి తీశాడు. బల్ల మీద పెట్టి, నాకు చదవడానికి వీలుగా నావైపు తిప్పి, ఏడో నంబరు మీద చూపుడువేలు పెట్టాడు. వాతావరణం అనుకూలించని పక్షంలో రుసుము వాపసు ఇవ్వబడదు, ఖాళీని బట్టి మరో రోజు అవకాశం కల్పించబడును. ఆ వేలు అక్కణ్ణించి కిందికి జారి నా సంతకం దగ్గర ఆగింది. ఒప్పుకోవాలి, సంతకం బాగా కుదిరింది.

తమరి మీద నాకు గౌరవం లేక కాదు. పొద్దున మన తొలి పరిచయమే ఘనంగా జరిగింది. రెండు పేజీలు, చీమ తలకాయంత అక్షరాలు, బయట హారన్ కొడుతున్న వేరే బ్యాచ్ జీపు, "జల్దీ సార్, జల్దీ". పక్కన ఒక పెన్ను. ఆ పెన్నుకి నైలాన్ తాడు, తాడు చివర బల్లకి మేకు, మేకు ఊడకుండా దాని మీద టేపు. అంటే బ్యాకప్‌తో సహా అన్నమాట. ఆ కౌంటర్ మొత్తంలో భద్రంగా ఉంటుందని పూచీ ఉన్న వస్తువు ఆ పెన్ను ఒక్కటే.

తమరి మీద ఏం రాసుందో ఇప్పుడు రూములో తీరిగ్గా చదివాను. (సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. అబ్బాయికి అది నచ్చలేదు.) గాలి వీచినా నాదే బాధ్యత, వీయకపోయినా నాదే. పరికరం పాడైతే నాది. నా నిర్లక్ష్యం నాది, సరే, సిబ్బంది నిర్లక్ష్యమూ నాదేనట. ఆపైన దైవఘటన అని ఒక పద్దు. హిమాలయాల్లో కూర్చుని ఆ మాట రాయడానికి ఎంత గుండె ఉండాలి! ఇక్కడ ఏ శిఖరం చూసినా దేవుడే, దేవతే. అన్నపూర్ణమ్మ తల్లి మధ్యాహ్నం పూట మబ్బు కప్పుకుని పడుకుంటే దానికీ నేనే పూచీ.

అత్యవసర సమయంలో ఎవరికి తెలియజేయాలి అని ఒక గడి. నేను ముక్తినాథ్ దర్శనానికి వెళ్ళానని మా ఇంట్లో అనుకుంటున్నారు. నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి అనేసరికి అమ్మ టికెట్టుకి డబ్బులు కూడా వేసింది. ఆ గడిలో అమ్మ నంబరు రాస్తే అత్యవసరం కొండ మీద కాదు, ఇంట్లో మొదలవుతుంది. అందుకని నా వెనకే నిలబడ్డ స్నేహితుడి నంబరు రాశాను. వాడు నా నంబరు రాశాడు. ఇద్దరం ఒకే జీపులో వెళ్ళాం. తమరు దానికి ఏ అభ్యంతరమూ చెప్పలేదు, స్టాంపు గుద్దించుకున్నారు.

తమ బంధువర్గాన్నీ నేను ఎరుగుదును. టిబెట్ సరిహద్దు దారిలో భోటే కోశీ నది మీద 160 మీటర్ల బంజీ (సాగే తాడు కట్టుకుని దూకడం) దగ్గర ఒకరు, కుష్మాలో 228 మీటర్ల బంజీ దగ్గర ఇంకొకరు కొలువున్నారు. ఇక్కడే జిప్‌లైన్ దగ్గర మరొకరు. ఒకటిన్నర కిలోమీటరు పైచిలుకు తీగ మీద వేలాడదీసి వదిలేస్తారు కాబట్టి ఆయన అక్షరాలు ఇంకా చిన్నవి. త్రిశూలీ నదిలో రాఫ్టింగ్ దగ్గరి ఆయన పాపం తడిసి తడిసి ముద్దయిపోయి ఉంటాడు, ఏం రాసుందో ఆయనకే తెలియదు. బంజీ దగ్గర బరువు చూసి, చేతి మీద మార్కర్‌తో కిలోలు రాస్తారు, సంతలో మేకకి వేసినట్టు. అంచుదాకా వెళ్ళి కాళ్ళు వణికి వెనక్కి తిరిగినవాళ్ళకి పైసా వాపసు రాదని అక్కడ ముందే చెబుతారు.

అది న్యాయమే. ఆ మాట మీద నాకు పేచీ లేదు. తాడు సిద్ధంగా ఉంది, మనిషి సిద్ధంగా ఉన్నాడు, నది కింద తన పని తాను చేసుకుంటోంది. భయం ఒక్కటే నాది. నా భయానికి నేను డబ్బు కట్టుకుంటాను.

మబ్బు నాదా?

నా బాధంతా ఇక్కడే. ప్రాణం పోతే బాధ్యత నాదని రాశారు, ఒప్పుకున్నాను. కాలు విరిగితే నాది, ఒప్పుకున్నాను. అసలు అందుకే కదా వచ్చింది, కాస్త గుండె గొంతులోకి రావాలనే కదా. కానీ మధ్యాహ్నం పోతే? ఆ మధ్యాహ్నాన్ని నాకు అమ్మింది ఎవరు? చావు గురించి ఒకటి నుంచి ఆరు దాకా నిజాయితీగా రాసుకుంటూ వచ్చి, ఆ హడావిడిలో ఏడో నంబరు దగ్గర డబ్బు సంగతి దూర్చారు. చావు చదువుతున్నవాడికి రుసుము కనబడుతుందా? ప్రమాదాల పట్టిక అంతా ఆ ఒక్క వాక్యానికి కట్టిన పందిరి అని నా అనుమానం. సాయంత్రం నుంచి అది బలపడుతోందే కానీ తగ్గడం లేదు.

ఎందుకంటే నిజంగా ప్రమాదం ఉన్నచోట తమరు కనబడరు. కాఠ్మాండూ నుంచి పోఖరా రెండొందల కిలోమీటర్లు. పృథ్వీ రాజమార్గం మీద పొద్దున బస్సెక్కి చీకటి పడ్డాక దిగాం. ఒక పక్క తవ్వేసిన కొండ, ఒక పక్క నది, మధ్యలో ఎదురొచ్చే లారీ, డ్రైవర్ చెవిలో ఫోన్. ఎవడూ సంతకం అడగలేదు. బ్లడ్ గ్రూపు అడగలేదు. హెల్మెట్ ఇవ్వలేదు. ముగ్లింగ్ దగ్గర అన్నం తినడానికి ఆపి, అరగంటలో రమ్మన్నారు, అంతే.

తమ వంశచరిత్ర కూడా తిరగేశాను. 1979 ఏప్రిల్ 1న ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో క్లిఫ్టన్ వంతెన మీంచి ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్ళు కొందరు సాగే తాళ్ళు కట్టుకుని దూకితే పోలీసులు వచ్చి పట్టుకెళ్ళారు. 1987లో ఏ.జె. హాకెట్ అనే ఆయన ఈఫిల్ టవర్ మీంచి అలాగే దూకితే అక్కడా పోలీసులే వచ్చారు. మరుసటి ఏడాది ఆయనే న్యూజిలాండ్‌లో క్వీన్స్‌టౌన్ దగ్గర కవరావ్ వంతెన మీద డబ్బు తీసుకుని జనాన్ని దూకించడం మొదలుపెట్టాడు. ఊరికే దూకినన్నాళ్ళూ వచ్చింది పోలీసులు. టికెట్టు పెట్టాక వచ్చింది తమరు.

ఇక మర్యాదలు చాలు, తమరూ గిమరూ నావల్ల కాదు. ఒకటి అడుగుతాను చెప్పు. పొద్దున పదింటికి నేను సంతకం పెడుతున్నప్పుడు కౌంటర్ తలుపులోంచి కొండ కనబడిందా? లేదు. నాకు కనబడలేదు, ఆ అబ్బాయికీ కనబడలేదు. వాడు ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాడు, వాడికి తెలియదా? ఎండ వాలు మీద పడాలి, నేల వేడెక్కాలి, వేడిగాలి పైకి లేవాలి, ఆ గాలి పట్టుకునే కదా ఈ రంగురంగుల గుడ్డలన్నీ పైకెక్కేది. ఎండే లేని రోజున ఏం పట్టుకుని ఎక్కుతారు? టేకాఫ్ దగ్గర టీ కొట్టు దీదీకి తెలుసు. గ్లాసులో టీ పోస్తూ, ఆకాశం వంక తలైనా ఎత్తకుండా, "ఇవాళ ఎగరరు బాబూ, మోమో తినండి" అంది. ఆమెకి తెలిసింది కింద డబ్బు లెక్కపెట్టుకున్నవాడికి తెలియదంటే నేను నమ్మను. తెలిసే అమ్మారు. నువ్వున్నావని అమ్మారు. నువ్వు లేకపోతే "ఇవాళ వద్దులెండి, రేపు రండి" అని ఒక్క మాట చెప్పి ఉండేవారు, ఆ పూట నేను పడవెక్కి తాల్ బారాహీ గుడికి వెళ్ళి ఉండేవాణ్ణి. అమ్మకి పంపడానికి ఒక ఫొటో అయినా దక్కేది.

పైగా మూడు రేట్లు. నేపాలీలకి ఒకటి, మనకి ఒకటి, తెల్లవాళ్ళకి ఒకటి. మన రూపాయికి వాళ్ళది ఒకటీ అరవై పైసలు, అది 1993 నుంచి కదలని లెక్క. ఈ కౌంటర్లో మాత్రం డబ్బు తీసుకునేటప్పుడు ఒకటిన్నర అయింది. ఎగరని మనిషికి వీడియో ప్యాకేజీ డబ్బు కూడా "సేఫ్ సార్, రేపటికి ట్రాన్స్‌ఫర్". ఆ వీడియోలో ఏముంటుందో ఇప్పుడే చెప్పగలను, కర్రకి కట్టిన కెమెరాలో నా ముక్కు.

పైలట్ దాయ్‌ని (ఇక్కడ అన్నని అలా పిలుస్తారు) మాత్రం ఏమీ అనను. ఆయనది సన్నటి మనిషి, మాట తక్కువ. హార్నెస్ తగిలించిన ప్రతిసారీ నడుం దగ్గర, తొడల దగ్గర ఒక్కో బకిల్ లాగి చూశాడు. తీసి మళ్ళీ తగిలించినప్పుడు, ఇందాకే చూశాం కదా అనుకోకుండా, మొదటి నుంచీ మళ్ళీ చూశాడు. ఎండుగడ్డి చిటికెడు తుంచి వదిలాడు. అది నిటారుగా ఆయన బూటు మీదే పడింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "దాయ్, రెండు నిమిషాలు చాలు, అలా వెళ్ళి ఇలా దిగుదాం" అని బతిమాలాను. నవ్వాడు. దిగమన్నాడు. ఎగరకపోతే ఆయనకీ ఆ పూట కూలి లేదట, జీపులో చెప్పాడు, ఫిర్యాదులా కూడా చెప్పలేదు. ఏమైనా జరిగితే ఆయనకేం సంబంధం లేదని నీ మీద అచ్చువేసి ఉంది, నా సంతకం ఉంది. అయినా ఆయన నన్ను ఎక్కించలేదు. బహుశా నిన్ను ఎప్పుడూ చదివి ఉండడు.

దిగేటప్పుడు ఒక్క క్షణం మబ్బు చీలి మచ్ఛాపుచ్ఛ్రే శిఖరం కనబడింది. 6,993 మీటర్లు. 1957లో బ్రిటిష్ బృందం దాదాపు ఎక్కేసింది. కొసన అడుగుపెట్టం అని ఇచ్చిన మాట కోసం శిఖరానికి యాభై మీటర్లైనా లేనంత దగ్గర్నుంచి వెనక్కి తిరిగారని చెబుతారు. ఆ మాటకి ఏడో నంబరు లేదనుకుంటా. కౌంటర్లో ఆ కొండ పోస్టరే ఉంది, సరిగ్గా అబ్బాయి కుర్చీ వెనక, పైన "పక్కా గ్యారంటీ ఫన్" అని స్టిక్కరు.

రేపు పొద్దున తొమ్మిదింటికి రమ్మన్నారు. వెళ్తాను. ఏం చేస్తాను, డబ్బు వాళ్ళ దగ్గర ఉంది, ఎగరాలన్న పిచ్చి నా దగ్గర ఉంది. అయితే ఇవాళ్టి సంతకం రేపటికి చెల్లదట, తేదీ మారింది కాబట్టి మళ్ళీ రెండు పేజీలూ నింపాలట. డబ్బు ట్రాన్స్‌ఫర్ అవుతుంది, వీడియో ట్రాన్స్‌ఫర్ అవుతుంది, బాధ్యత మాత్రం ఎప్పటికప్పుడు తాజాగా కావాలి. ఖాళీ ఫారం ఒకటి ఇప్పుడే చేతిలో పెట్టి పంపారు, రూములో నింపుకు రమ్మని. నింపేశాను. పేరు, వయసు, బ్లడ్ గ్రూపు అన్నీ సక్రమంగానే రాశాను. అత్యవసర సమయంలో తెలియజేయాల్సిన నంబరు దగ్గర ఈసారి మీ కౌంటర్ నంబరు వేశాను. బంధుత్వం అన్న గడిలో "నాకు బాకీ" అని రాశాను.

ఇట్లు,
ఏడో నంబరు కింద సంతకందారు