డెబ్బై అయిదో ఎక్కం

పెళ్లిపనులు పసుపు దంచడంతో మొదలవుతాయి. బెంగళూరు మెట్రో వాళ్లు ఈ ఆచారాన్ని కాస్త భారీగానే పాటించారు. ఆర్‌వీ రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా 19 కిలోమీటర్ల పొడవునా స్తంభాలు నిలిపారు, 16 స్టేషన్లు కట్టారు, పట్టాలు పరిచారు, దానికి పసుపు మార్గం అని పేరు పెట్టారు. పందిరి సిద్ధం, మేళం సిద్ధం, చుట్టాలు విస్తళ్ల ముందు సిద్ధం. పెళ్లికూతురు, అంటే రైలు, ఒక్కతే రావాలి. అప్పటికి ఆవిడ చైనాలో ఉంది.

ఆ ఎదురుచూపుల్లోంచే హోసూరు రోడ్డు మీద ఒక కొత్త శాస్త్రం పుట్టింది. రైలాగమన శాస్త్రం అందాం. ఏ రేవులో ఎన్ని పెట్టెలు దిగాయి, ఏ ట్రెయిలర్ ఏ టోల్‌గేటు దాటింది, డిపోలో ఏ పెట్టెను దేనికి తగిలించారు అన్నది తిథి వార నక్షత్రాలతో చెప్పగల పండితులు ఎలక్ట్రానిక్ సిటీలో అంతస్తుకొకరు ఉన్నారు. అందులో మనవాళ్ల వాటా తక్కువేం కాదు. కొత్తగా ఈ విద్యలో చేరదలచినవారి కోసం ముఖ్యమైన పాఠాలు ఇక్కడ ఇస్తున్నాం. నవ్వులాటగా చదవవద్దని మనవి.

మొదటిది వ్యాకరణ పాఠం. "రైలు వచ్చింది" అనే వాక్యంలో క్రియ ఒకటే గానీ అర్థాలు బోలెడు. ఓడ ఎక్కినా వచ్చినట్టే, రేవులో దిగినా వచ్చినట్టే. ట్రెయిలర్ల మీద డిపో గేటు దాటితే పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టి మరీ వచ్చిందంటారు. పెట్టెలన్నీ కలిపి కరెంటిస్తే మళ్లీ వచ్చింది. రాత్రిపూట పట్టాల మీద పాకితే ఇంకోసారి వచ్చింది. మీరు ఎక్కి కూర్చోవడం అన్నది వీటన్నిటి తర్వాత ఎప్పుడో జరిగే చిన్న విశేషం.

ఉదాహరణకు మొదటి రైలు జాతకం చూడండి. షాంఘై రేవు వదిలింది 2024 జనవరి 24న. చెన్నై చేరింది ఫిబ్రవరి 6న. సముద్రం దాటడానికి 13 రోజులు. చెన్నై నుంచి హెబ్బగోడి డిపోకు వచ్చింది ఫిబ్రవరి 14న. రోడ్డు దాటడానికి 8 రోజులు. ఇక హెబ్బగోడి డిపోలోంచి పక్కనే ఉన్న ప్లాట్‌ఫారం మీద జనాన్ని ఎక్కించుకుంది 2025 ఆగస్టు 11న. ఆ ఇంటిగడప దాటడానికి 544 రోజులు. హనుమంతుడికైనా సముద్రం దాటడం ఒక్క దూకు పనే, అసలు పని లంకలో కదా.

ఆ 544 రోజులూ రైలు డిపోలో గోళ్లు గిల్లుకుంటూ కూర్చుందని అనుకోవడం అజ్ఞానం. దాని దినచర్య చెబుతాం వినండి. ఒక్కో పెట్టె దాదాపు 21 మీటర్ల పొడవు, 39 టన్నుల బరువు. ఆరు పెట్టెలు ఆరు ట్రెయిలర్ల మీద, ఊరు సద్దుమణిగాక వస్తాయి. (సిల్క్‌బోర్డు కూడలికి పట్టపగలు 21 మీటర్ల బండి తెచ్చి చూడండి, ఆ తర్వాత రైలు సంగతి ఎవరూ అడగరు.) క్రేన్లతో పట్టాల మీదికి దించాక ఒకదానికొకటి తగిలిస్తారు. తగిలించగానే కరెంటివ్వరు. పసుపు మార్గంలో పైన తీగలుండవు, పక్కన మూడో పట్టాలోంచి 750 వోల్టుల డీసీ అందుతుంది. ప్రయాణంలో తేమ తగిలి ఎక్కడైనా ఇన్సులేషన్ దెబ్బతిని ఉంటే మొదటి స్విచ్చుతోనే కథ ముగుస్తుంది కాబట్టి ముందు ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ అనే పరికరం పెట్టి చూస్తారు. ఆ తర్వాత నిలబెట్టే బ్రేకులు, ఏసీలు, అనౌన్స్‌మెంట్లు, తలుపులు. పెట్టెకు రెండువైపులా కలిపి ఎనిమిది చొప్పున తలుపులు 48. మూసుకున్నాను అని ఒక్క తలుపు సరిగా చెప్పకపోయినా రైలు అంగుళం కదలదు. ఉమ్మడి కుటుంబంలో తీర్మానం లాంటిది, ఒక్క తోడికోడలు ఊ అనకపోతే అంతే.

అటుపైన అసలు ఘట్టం. కొత్త డిజైన్ కాబట్టి మొదటి రైలును ఆర్‌డీఎస్‌ఓ అనే రైల్వే పరిశోధన సంస్థ వాళ్లు వచ్చి ఊపు పరీక్ష చేస్తారు. వేగం పెంచుకుంటూ పోతే పెట్టె ఎంత ఊగుతోంది, అత్యవసర బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతోంది అని కొలుస్తారు. ఖాళీగా కొలిచి ఊరుకుంటే కుదరదు, జనం నిండినప్పుడు కొలవాలి. జనాన్ని ఎక్కించడానికి అనుమతి లేదు. కాబట్టి ఇసుక బస్తాలు ఎక్కిస్తారు. ఏ కొత్త మెట్రో రైలుకైనా తొలి ప్రయాణికులు ఇలాంటి బరువులే. తలుపుకడ్డంగా నిలబడవు, స్పీకర్ పెట్టి రీల్స్ చూడవు, చోటు లేదని ఫిర్యాదు చెయ్యవు. రవాణా సంస్థలు కలగనే ఆదర్శ పౌరులు వాళ్లే.

దానికితోడు ఈ మార్గానికి డ్రైవరు లేకుండా నడవగల సిగ్నలింగ్ పెట్టారు. సీమెన్స్ వాళ్ల సీబీటీసీ. రైలు ఎక్కడుందో అదే రేడియోలో చెబుతూ ఉంటుంది, వెనక రైలు ఎంత దగ్గరికి రావచ్చో వ్యవస్థే తేలుస్తుంది. ఊరికి ఈ పద్ధతి కొత్త కాబట్టి రైలూ సిగ్నలూ ఒకరి భాష ఒకరు నేర్చుకోవడానికే నెలలు పట్టింది. చివరికి మెట్రో రైలు భద్రతా కమిషనర్ తనిఖీ 2025 జులైలో అయింది. అనుమతి వచ్చాక డ్రైవరు అక్కర్లేని రైళ్లను డ్రైవర్లే నడపడం మొదలుపెట్టారు.

తర్వాతి రైళ్లకు ఈ తతంగమంతా ఉండదు. డిజైన్ పాసైపోయింది కాబట్టి మామూలు పరీక్షలు చాలు, వారాల్లో తేలుతుంది. "మొదటిదానికి ఏడాదిన్నర పట్టింది, పదిహేనింటికి ఎన్నేళ్లు" అని త్రైరాశికం వేసేవారు ఈ శాస్త్రంలో మొదటి తరగతి తప్పినవారు.

ఇప్పుడు పురాణ భాగం. 2019లో 216 పెట్టెల కాంట్రాక్టు సీఆర్‌ఆర్‌సీ అనే చైనా సంస్థకు దక్కింది. విలువ 1,578 కోట్లు, గడువు 173 వారాలు. గడువును వారాల్లో చెప్పడంలో ఒక గడుసుతనం ఉంది. మూడేళ్ల నాలుగు నెలలు అంటే జనం క్యాలెండరు తిప్పి చూసుకుంటారు. 173 వారాలంటే ఎవరు లెక్కపెడతారు? అందులో 90 పెట్టెలు, అంటే ఆరేసి పెట్టెల రైళ్లు 15, పసుపు మార్గానికి. మిగతా 126 ఊదా, ఆకుపచ్చ మార్గాలకు.

పెట్టెలు ఇండియాలోనే తయారుచెయ్యాలన్నది షరతు. దానికోసం ఎంచుకున్న చోటు మన శ్రీసిటీ. అప్పటికే అక్కడ అల్‌స్తోమ్ కర్మాగారం కొచ్చికి, లక్నోకు, ఆఖరికి సిడ్నీకి కూడా మెట్రో పెట్టెలు కట్టి పంపింది. పక్కనే ఇంకో కర్మాగారం లేస్తుందనుకునేలోపు 2020 ఏప్రిల్ వచ్చింది. సరిహద్దు పంచుకునే దేశాల పెట్టుబడికి ఢిల్లీ అనుమతి తప్పనిసరి అన్నారు. జూన్‌లో చైనాతో గల్వాన్ ఘర్షణ అయింది. ఇక అనుమతి అడిగేవాడెవడు, ఇచ్చేవాడెవడు. శ్రీసిటీలో పునాదిరాయి బదులు మౌనం పడింది.

తర్వాత నోటీసుల పర్వం. 372 కోట్ల బ్యాంకు గ్యారంటీ జప్తు చేస్తామని మెట్రో సంస్థ హెచ్చరించింది. హెచ్చరికలతో రైళ్లు తయారయ్యేవైతే ఈపాటికి మనం రైళ్లు ఎగుమతి చేసేవాళ్లం. మొత్తానికి రెండు రైళ్లు చైనాలో, మిగతా 204 పెట్టెలు కోల్‌కతా దగ్గర ఉత్తరపారాలో టిటాగఢ్ కర్మాగారంలో అని రాజీ కుదిరింది. అక్కడికి రావలసిన చైనా ఇంజనీర్లకు వీసాలు ఒక పట్టాన రాలేదు. టిటాగఢ్‌లో తయారైన మొదటి రైలుకు 2025 జనవరిలో జెండా ఊపారు. ఫిబ్రవరిలో అది బెంగళూరు చేరింది.

కోల్‌కతా నుంచి దక్షిణానికి లారీ ఏదైనా మామూలుగా పట్టే దారి పదహారో నెంబరు జాతీయ రహదారి. ఇచ్ఛాపురం దగ్గర మన గడ్డ మీద అడుగుపెట్టి నెల్లూరు దాటి తడ దాకా మనతోనే ఉంటుంది. ఆ హైవే శ్రీసిటీ పక్కనుంచే పోతుంది. పుట్టాల్సిన ఊరికి చుట్టపుచూపుగానైనా రాలేని పెట్టెలు టోలు కట్టి వెళ్లిపోవడం ఆంధ్ర పారిశ్రామిక చరిత్రలో ఒక చిన్న అధ్యాయం. ఇంకో మాట. ఊదా, ఆకుపచ్చ మార్గాల పాత రైళ్లు కట్టింది బీఈఎంఎల్. ఆ సంస్థ ఉన్నది ఎక్కడో కాదు, బెంగళూరులోనే. పెరట్లో చెట్టు మందుకు పనికిరాదన్నది టెండర్ల నిబంధనల్లో ఎక్కడా ఉండదు, అయినా పాటిస్తారు. 2023లో తర్వాతి మార్గాలకు 318 పెట్టెల కాంట్రాక్టు మళ్లీ ఆ పెరట్లోకే వచ్చింది లెండి.

ఇక గణితం. ఈ శాస్త్రానికి గుండెకాయ ఇదే. పసుపు మార్గం మూడు రైళ్లతో తెరిచారు, 25 నిమిషాలకొకటి. నాలుగోది సెప్టెంబరులో వచ్చింది, 19 నిమిషాలైంది. అయిదోది నవంబరులో చేరింది, 15 అయింది. మూడు ఇరవై అయిదులు డెబ్బై అయిదు. అయిదు పదిహేనులు డెబ్బై అయిదు. నాలుగుతో భాగిస్తే పందొమ్మిదికి పావు తక్కువ. అంటే ఒక రైలు ఈ కొస నుంచి ఆ కొసకు పోయి, దిశ మార్చుకుని, తిరిగొచ్చి మళ్లీ బయల్దేరడానికి సుమారు 75 నిమిషాలు. దాన్ని రైళ్ల సంఖ్యతో భాగిస్తే మీరు ఎంతసేపు నిలబడాలో వస్తుంది. మంత్రుల ప్రకటనలు చదవనక్కర్లేదు. డెబ్బై అయిదో ఎక్కం వస్తే చాలు. అది రానివాళ్లం రైలు ఎక్కం.

ఎక్కంలో ఒక కిటుకుంది. నాలుగో రైలు ఆరు నిమిషాల పైన ఎడం తగ్గించింది. అయిదోది నాలుగు నిమిషాల లోపే. ఆరోదానికి దక్కేది రెండున్నర. ఇలా దిగుతూ దిగుతూ పదిహేనో రైలు వచ్చేసరికి అయిదు నిమిషాలకొకటి అవుతుంది. పద్నాలుగుతో పోలిస్తే లాభం 21 సెకన్లు. ఆ 21 సెకన్ల కోసం కూడా పూలదండ, కొబ్బరికాయ, నాయకుడు, ట్వీటు తప్పవు. అయితే న్యాయంగా ఒకటి చెప్పాలి. ఎడం తగ్గడం మందగించినా చోటు మాత్రం ప్రతి రైలుకూ సమానంగా పెరుగుతుంది. అయిదు గంటల్లో ఒక రైలు నాలుగు రౌండ్లు కొడుతుంది, అది మూడోదైనా పదిహేనోదైనా. కాబట్టి గడియారం చూసేవాడికి పదిహేనో రైలు దండగ, లోపల నలిగేవాడికి కాదు.

అసలు తేడా రైలు పాడైనప్పుడు తెలుస్తుంది. మూడింట ఒకటి మొరాయిస్తే 25 కాస్తా 37 నిమిషాలు దాటుతుంది. పదిహేనింట ఒకటి ఆగితే అయిదు అయిదూ చిల్లర అవుతుంది, ఎవరికీ తెలియను కూడా తెలియదు. మూడే ఉన్నప్పుడు మారు రైలు లేదు, మరమ్మతుకు పగలు లేదు. మరి పదిహేనూ వస్తే అయిదు నిమిషాల సేవ వస్తుందా? రాదు. ఎప్పుడూ ఒకటో రెండో షెడ్డులో ఉండాలి కాబట్టి ఆరు దగ్గర ఆగుతుంది. అయిదు నిమిషాల ఎడం చాలదూ అని లెక్కకట్టి పదిహేను కొన్నవారికి షెడ్డు సంగతి తట్టలేదో, ఖజానా సంగతి తట్టిందో ఈ శాస్త్రం చెప్పదు.

ఆర్‌వీ రోడ్డు స్టేషన్ ఈ లెక్కకు ప్రయోగశాల. ఆకుపచ్చ మార్గం రైళ్లు రద్దీవేళ అయిదు నిమిషాలకొకటి వచ్చి జనాన్ని అక్కడ కుమ్మరించేవి. అలాంటి అయిదు రైళ్ల జనాన్ని మొదటి రోజుల్లో ఒక్క పసుపు రైలు ఎత్తుకోవాలి. గంగాళంతో పోసి గ్లాసుతో తోడడం ఇదే. ఉగాది పంచాంగంలో చెప్పినట్టు ఆ రాశికి ఆదాయం 3, వ్యయం 25, రాజపూజ్యం ప్రారంభోత్సవం నాడు, అవమానం మిగతా రోజుల్లో.

హైదరాబాదీలు ఇక్కడ మీసం తిప్పకుండా ఉండలేరు. వాళ్ల కథ తిరగేసిన కథ. హ్యుందాయ్ రోటెమ్ నుంచి మూడేసి పెట్టెల రైళ్లు 57 కొంటే, మొదటిది 2014 మే నెలలోనే ఉప్పల్ డిపోకు దిగింది. మార్గం తెరిచింది 2017 నవంబరులో. అక్కడ రైలు పట్టాల కోసం చూసింది, ఇక్కడ పట్టాలు రైలు కోసం చూశాయి. బిడ్డ పుట్టకముందే తొట్టె కొన్నామని హైదరాబాదు గర్వపడవచ్చు. కానీ ఆరు పెట్టెలకు సరిపడా కట్టిన ప్లాట్‌ఫారం మీద మూడు పెట్టెల రైలు ఆగితే, చివర్లో నిల్చున్నవాళ్లు బ్యాగు పట్టుకుని మధ్యకు పరిగెత్తే దృశ్యం చూశాక మీసం దానంతటదే దిగుతుంది.

కొత్త సాధకులకు ప్రయోగ విధానం ఒక్కటి చెప్పి ఆపుతాం. డిపోకు చేరిన కొత్త రైలును ప్రధాన మార్గం మీద నడిపి చూసేది చివరి సర్వీసు అయ్యాకే, తెల్లవారి మొదటి సర్వీసు లోపు. కాబట్టి రాత్రి రెండు గంటలప్పుడు బొమ్మనహళ్లి దగ్గర తల పైకెత్తి చూడాలి. దీపాలన్నీ వెలుగుతూ, సీట్లన్నీ ఖాళీగా, వచ్చే స్టేషన్ పేరు ఎవరికీ కాకుండా చెప్పుకుంటూ ఆరు పెట్టెలు పైన జారిపోతాయి. కింద నైట్ షిఫ్టు క్యాబులో నలుగురు ఎక్కాల్సిన చోట ఆరుగురు కూర్చుని వాటిని లెక్కపెడుతుంటారు.