ఏం కాదులే గారికి ఓ ఉత్తరం

గౌరవనీయులైన ఏం కాదులే గారికి,

నమస్కారాలు. మీరు క్షేమమేనని తెలుసు. మీకెప్పుడు ఏమైంది గనక, అయ్యేదంతా మీ మాట విన్నవాళ్ళకే కదా!

మొన్న రాత్రి సంగతి గుర్తుందా? బేస్‌మెంట్ పార్కింగ్‌లో బండి దగ్గరికి నడుస్తున్నాను. రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్స్, ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో బ్యాగు, బండి తాళం ఆ బ్యాగు అడుగున ఎక్కడో. రోజూ వెలిగే లైటు వెలగడం లేదు. స్తంభం పక్కన ఎవరో నిలబడి ఉన్నాడు, ఫోను చూడట్లేదు, ఎవరితోనూ మాట్లాడట్లేదు, ఊరికే నిలబడ్డాడు. ఇవన్నీ నేను చూశాను, చూడలేదని అబద్ధం చెప్పను. సరిగ్గా అప్పుడే మీరొచ్చి భుజం మీద చెయ్యేసి "బల్బు మాడిపోయి ఉంటుంది, ఆయన ఎవరికోసమో ఎదురు చూస్తున్నాడు, ఏం కాదులే" అన్నారు. నేను తలూపి పాట సౌండు పెంచాను.

నిజంగానే ఏం కాలేదు. మీ వ్యాపారమంతా అక్కడే ఉంది! ఏమీ జరగని ప్రతి రోజునీ మీ ఖాతాలో వేసుకుంటారు. జరిగిన రోజు మాత్రం "అంతా తలరాత" అని ఇంకొకరి మీదకి నెట్టేసి మాయమవుతారు.

చుట్టూ ఏం జరుగుతోందో గమనించుకోవడాన్ని పరిసరాల ఎరుక అంటారు. 1995లో మికా ఎండ్స్‌లీ అనే అమెరికా ఇంజనీరు ఒకావిడ దానికి మూడు మెట్లు చెప్పారు. చుట్టూ ఉన్నది కంటబడటం, దాని అర్థం తెలియడం, ఆ తర్వాత ఏం జరగొచ్చో ఊహించడం. మొదటి మెట్టు దగ్గర మీకు పెద్ద పని లేదు, అక్కడ ఫోను గారు చూసుకుంటున్నారు. మీరు రెండో మెట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పైకి ఎక్కబోయే ప్రతి అనుమానాన్నీ ఆపి, కాసేపు కూర్చోబెట్టి, బుజ్జగించి వెనక్కి పంపేస్తారు.

నలుగురున్న చోట మీ ప్రతాపం ఇంకా ఎక్కువ. 1968లో లాటనే, డార్లీ అనే ఇద్దరు అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. విద్యార్థుల్ని గదిలో కూర్చోబెట్టి, ఏవో ఫారాలు నింపమని చెప్పి, గోడలోంచి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవాళ్ళలో 75 శాతం మంది బయటికెళ్ళి చెప్పారు. పక్కన మరో ఇద్దరు (ముందే మాట్లాడి పెట్టుకున్నవాళ్ళు) ఏమీ పట్టనట్టు కూర్చుంటే, పదిమందిలో లేచింది ఒక్కరే. మిగతా తొమ్మిదిమందీ దగ్గుతూ, కళ్ళు నలుపుకుంటూ, మొహం మీద పొగని చేత్తో తోలుకుంటూ ఫారం నింపారట! ఎందుకు లేవలేదని అడిగితే కొందరు ఆవిరనుకున్నామన్నారు. నిజం చెప్పించే గ్యాస్ అనుకున్నామన్నవాళ్ళూ ఉన్నారు. మంట అని ఒప్పుకోవడం కన్నా ఇంత కథ అల్లుకోవడం తేలికైందంటే, అది మీ శిక్షణ కాక మరేంటి?

ఇక మీ తమ్ముడు "ఏమనుకుంటారో" గారి సంగతి. లిఫ్ట్ తలుపు తెరుచుకుంటుంది, లోపల ఉన్న మనిషిని చూడగానే ఎక్కాలనిపించదు, కారణం చెప్పలేం. అప్పుడాయన చెవిలో దూరి "ఎక్కకపోతే బాగుండదు, పాపం ఫీలవుతాడు" అంటాడు. ముక్కూ మొహం తెలియని మనిషి ఫీలవుతాడని, తలుపులు మూసుకునే ఇనప పెట్టెలో అతనితో ఎక్కుతాం. వెనకాల అడుగుల చప్పుడైతే తిరిగి చూడటానికి కూడా మొహమాటమే. ఒకసారి రోడ్డు దాటి, వెనకాల ఉన్నవాడూ దాటాడేమో చూసుకుంటే ఎవరి పరువూ పోదు కదా!

మీ బదులు భయాన్ని పెట్టుకోమని కొందరు సలహా ఇస్తారు. దారినపోయే ప్రతివాడినీ దొంగలా చూడటం, భయపెట్టే వీడియోలు పొద్దున్నే అందరికీ ఫార్వర్డ్ చేయడం. వాళ్ళు రెండు రోజులకే అలిసిపోయి మూడో రోజు మళ్ళీ మీ కాళ్ళ దగ్గరికే వస్తారు, నేనూ అలా వచ్చినవాడినే.

అందుకని నాది చిన్న ఏర్పాటు. ఎక్కడికెళ్ళినా "ఇక్కడ మామూలుగా ఎలా ఉంటుంది, ఇప్పుడేం తేడాగా ఉంది?" అని ఒక్కసారి అనుకుంటాను, దానికి టెన్షన్ అక్కర్లేదు. హాల్లో కూర్చోగానే ఇంకో తలుపు ఎక్కడుందో చూసుకుంటాను, ఎందుకంటే కంగారులో చాలామంది వచ్చిన దారికే పరిగెడతారు. ఒక చెవి ఖాళీగా ఉంచుతాను. తాళం బయల్దేరేటప్పుడే చేతిలో పట్టుకుంటాను. డ్రైవింగ్‌లో మెసేజ్ చూడను. యాభై కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లంటే దాదాపు 42 మీటర్లు, అంత దూరం కళ్ళు మూసుకుని నడపమంటే మీరు కూడా సీటు బెల్టు వెతుక్కుంటారు.

మీకు పూర్తిగా పని లేకుండా చేయను లెండి. చొక్కాకి ఇస్త్రీ లేని రోజు, పెళ్ళికి ఆలస్యమైన రోజు, ఫొటోలో కళ్ళు మూసుకుపోయినప్పుడు తప్పకుండా రండి. ఆ బేస్‌మెంట్‌కి మాత్రం మీరు రావద్దు, లైటు వెలగకపోతే వాచ్‌మన్‌ని తోడు తీసుకుని దిగుతాను. పిరికివాడని నవ్వుకుంటే ఆయన నవ్వుకుంటాడు.

ఇట్లు,
మీ పాత భక్తుడు