97వ గంటలో చచ్చిన చేప

చేప చచ్చిందో బతికుందో చూడగానే చెప్పేయొచ్చని అనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. శాస్త్రం అంత తొందరపడదు. రసాయనాల విషాన్ని చేపల మీద పరీక్షించే అంతర్జాతీయ పద్ధతి ఒకటుంది, పేరు ఓఈసీడీ 203వ మార్గదర్శకం. దాని ప్రకారం చేప కదలకూడదు, మొప్పలు ఆడకూడదు, తోక మొదట్లో తాకినా ఉలకకూడదు పలకకూడదు. అప్పుడే అది అధికారికంగా చచ్చినట్టు. పక్కకు ఒరిగిపోయి, నీటి పైకొచ్చి గుటకలు వేస్తున్న చేప బతికున్నట్టే లెక్క. దాని అవస్థను వేరే గడిలో రాసుకుంటారు గానీ చావుల లెక్కలో కలపరు.

అద్దకం మిల్లు వదిలే నీళ్లలో విషం ఎంతో తేల్చడానికీ చేపల్నే వేసి చూస్తారు. ఈ నీళ్లతో ఒక చిక్కుంది. నల్లరంగు వేసిన రోజు శాంపిల్ వస్తే గాజు తొట్టిలో చేపే కనపడదు. చిన్న వలతో పైకి తీసి, తోక దగ్గర తట్టి, మళ్లీ దించాలి. చేప దీన్ని పరామర్శ అనుకుంటుందో లేదో నాకు తెలియదు. పైగా పరీక్ష జరిగినన్నాళ్లూ దానికి మేత ఉండదు. ఖాళీ కడుపుతో 96 గంటలు. గట్టి చేప ఈ గడువు దాటుతుంది. 97వ గంటలో చచ్చినా దాని రికార్డుకు మచ్చ రాదు, మిల్లుకూ రాదు. ఇంత క్రమశిక్షణ గల ప్రాణిని చూస్తే నాకు గౌరవం కలుగుతుంది.

తర్వాత ఎల్‌సీ50 అనే అంకె వస్తుంది. తొట్టిలో మిల్లు నీరు ఎంత శాతం ఉంటే సగం చేపలు చస్తాయో ఆ శాతమే అది. అచ్చంగా మిల్లు నీళ్లే పోసినా పదింట్లో నాలుగే చచ్చాయనుకోండి, 'వందకు పైన' అని రాసేస్తారు. ఆ కాగితం ఫైల్లో చాలా అందంగా కనిపిస్తుంది. ఆ నాలుగు చేపల వాళ్లు మాత్రం ఒప్పుకోకపోవచ్చు.

చేపలతో పాటు డాఫ్నియాకూ పరీక్ష పెడతారు. రొయ్యకు దూరపు చుట్టం, నలకంత ఉంటుంది. పుట్టి 24 గంటలు నిండని పిల్లల్నే తీసుకుంటారు. 48 గంటలయ్యాక గిన్నెను మెల్లగా కదిపి 15 సెకన్లు చూస్తారు. ఈదకపోతే 'అచలం' అని రాస్తారు. మీసాలు ఆడిస్తూ "నేనున్నానండోయ్" అన్నా వినరు. చేప విషయంలో అంత దయ చూపిన వాళ్లు ఈ పసికందుల దగ్గర ఇంత కఠినంగా ఎందుకున్నారో! మిల్లు వాళ్లకు డాఫ్నియా అంటే అందుకే గిట్టదు.

గిట్టకపోవడానికి ఉప్పు ఇంకో కారణం. నూలు బట్టకు రియాక్టివ్ రంగు పట్టాలంటే అద్దకం తొట్టిలో లీటరుకు 50, 60 గ్రాముల ఉప్పు వేయడం మామూలే. సముద్రంలో ఉండేది 35 గ్రాములే. శుద్ధి ప్లాంటులోని సూక్ష్మజీవులు ఏం తిన్నా ఉప్పు జోలికి మాత్రం పోవు. అది చివరిదాకా నీళ్లతోనే ప్రయాణిస్తుంది. డాఫ్నియా చస్తే మిల్లు వాదన సిద్ధం: "చంపింది మా రంగు కాదండీ, ఉప్పు." అంటే హత్య కాదన్నమాట, వంట కాస్త ఉప్పగా కుదిరింది, అంతే.

రంగు పోగొట్టడం మరో కళ. మసిపూసి మారేడుకాయ చేయడం పాత పద్ధతి, ఇక్కడ మసి తుడిచి చేస్తారు. గాలి అందని ట్యాంకులో బాక్టీరియా అజో రంగుల్లో రెండు నైట్రోజన్ పరమాణువులను కలిపే బంధాన్ని తెంపుతుంది, నీళ్లు తేటపడతాయి. బంధం తెగి పుట్టిన ఆరోమాటిక్ అమీన్లకు రంగు పెద్దగా ఉండదు, విషం మాత్రం కొన్నిసార్లు తల్లి రంగును మించి ఉంటుంది. కంటికి కనపడనిదాని మీద ఫిర్యాదు చేసేదెవరు?

ఇంకా గొప్ప విషయం నోనైల్‌ఫినాల్. కొన్ని రకాల డిటర్జెంట్లు నీళ్లలో విడిపోగా మిగిలేది. కొద్ది మోతాదులో 96 గంటల పరీక్షలో చేపను చంపకపోవచ్చు. కానీ దానివల్ల మగచేప ఒంట్లో గుడ్డుసొనకు కావలసిన ప్రోటీన్ తయారవుతుంది. చావలేదు కదా, పాస్. పైగా అదనపు అర్హత కూడా సంపాదించింది.

ఇన్ని సూక్ష్మాలున్న పరీక్షకు నాదీ ఒక చిన్న సవరణ. పక్కనే పోలిక కోసం శుభ్రమైన నీళ్లతో కంట్రోల్ తొట్టి ఒకటి పెడతారు. అందులో పది శాతానికి మించి చేపలు చస్తే మొత్తం పరీక్షే చెల్లదు. ఆ తొట్టిలోకి శుభ్రమైన నీళ్లు ఎక్కడి నుంచో తేవడం దేనికి? మిల్లు దిగువన, గొట్టం నదిలో కలిసే చోటే నాలుగు బిందెలు ముంచుకొస్తే సరి. కంట్రోల్ చేపలు రెండో రోజుకే తేలతాయి, పరీక్ష రద్దవుతుంది, ల్యాబు కొత్త శాంపిల్ కోసం ఉత్తరం రాస్తుంది. ఆ ఉత్తరానికి జవాబు వచ్చేదాకా గొట్టం పారుతూనే ఉంటుంది. ఇవాళ ఎరుపు.