హేవలాక్ వంతెన ఖాళీగా ఉందని ఎవరన్నారు?

రాజమండ్రి హేవలాక్ వంతెన మీద రైళ్లు ఆగిపోయి పాతికేళ్లు దాటిపోయిందని, పాపం ఖాళీగా పడి ఉందని వాపోయేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ఖాళీగా ఎక్కడుందండీ? 1997 నుంచి దాని మీద ప్రకటనలు నడుస్తూనే ఉన్నాయి. వాటికి సిగ్నల్ అక్కర్లేదు, లేటైతే అడిగేవాడూ లేడు.

అసలు దొరలకు ఓపిక లేదు. 1897లో పని మొదలుపెట్టి 1900 ఆగస్టుకల్లా అంత గోదావరి మీద 56 స్పాన్ల (స్తంభానికీ స్తంభానికీ మధ్య ముక్కల) వంతెన పరిచేసి, మద్రాసు గవర్నరు పేరు తగిలించి, రైళ్లు పంపేశారు. నిండా మూడేళ్లు పట్టలేదు. అంత హడావుడిగా కడితే నాణ్యత ఏముంటుంది? చూశారుగా, వందేళ్లన్నా నిండకుండా తొంభై ఏడేళ్లకే రిటైరైపోయింది.

మనం అలా తొందరపడే రకం కాదు. దాన్ని పర్యాటక కేంద్రం చేద్దాం అనుకుంటూనే 2003 పుష్కరాలు, 2015 పుష్కరాలు దాటించేశాం. మా దగ్గర ఏ పనికైనా గడువు 'పుష్కరాల నాటికి'. ఏ పుష్కరాలని అడగడం మర్యాద కాదు. 2025 జూన్‌లో అఖండ గోదావరి పేరుతో రూ.94 కోట్ల పైచిలుకు పనులకు శంకుస్థాపన కూడా జరిగింది, అందులో ఈ వంతెనా ఉంది, 2027 పుష్కరాలూ ఉన్నాయి, ఇంకా టెన్షన్ దేనికి?

ఇక విస్తరణ. వేరే ఊళ్లలో పాత వంతెనను వెడల్పు చేస్తారట. మనం పక్కన ఇంకోటి కడతాం. 1974లో రోడ్డు కం రైలు వంతెన, 1997లో ఆర్చి వంతెన, 2015లో నాలుగోది. వీటిలో రోడ్డు కం రైలుది అసలైన ఉక్కు ట్రస్సు, అంటే ఉక్కు కడ్డీలను త్రికోణాలుగా బిగించిన చట్రం. కింద గూడ్సు వెళ్తుంటే పైన స్కూటర్ మీదున్నవాడికి అరికాళ్లలో వణుకు తెలుస్తుంది, జాయింట్ వచ్చిందంటే దబ్బుమని నడుము ఎక్కడుందో కూడా తెలుస్తుంది. 2023లో దాన్ని మరమ్మతులకని మూసేస్తే జనం చుట్టు తిరిగి నాలుగో వంతెన మీద పడ్డారు. అదన్నమాట మన ప్లానింగ్!

కాబట్టి ప్రభుత్వానికి నా సలహా ఒకటే. ఐదో వంతెన కట్టండి, ఊరికే దాని మీద నిలబడి హేవలాక్‌ను చూడ్డానికి. టికెట్ పెట్టండి. అవతలి ఒడ్డున ఉన్న కొవ్వూరు వాళ్లకు మాత్రం సగం రేటు, వాళ్లకు కనిపించేది అవతలి కొసే కదా.