చుక్కలు చూపించిన స్టార్ రూట్ గారికి

మహారాజశ్రీ అమెరికా తపాలా శాఖ వారి స్టార్ రూట్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. పందొమ్మిదో శతాబ్దంలో ఖండం ఈ చివర నుంచి ఆ చివరకి, కాంట్రాక్టుదార్లు టపా మోసే దారిగా, జనం ఉత్తరాలు మోసింది మీరే అయినా, మీకంటూ ఒక ఉత్తరం రాసినవాడు ఉన్నాడా అని నాకు అనుమానం. అందరికీ గుర్రాల మీద టపా పరిగెత్తించిన ఆ పోనీ ఎక్స్‌ప్రెస్ గుర్రమే కావాలి. దానికి విగ్రహాలు, సినిమాలు, టీషర్టు మీద బొమ్మలు. మీకేమో పాత రిజిస్టర్లో మూడు స్టార్ గుర్తులు, అంతే. పోనీ గారి సంగతి చివర్లో చెప్తాను, ముందు మీ జాతకం చూద్దాం.

టపా దారులు వేసే అధికారం కాంగ్రెస్‌ది, అంటే వాళ్ల పార్లమెంటుదని అమెరికా రాజ్యాంగంలోనే రాసుకున్నారు. 1790లో దేశం మొత్తానికి 75 పోస్టాఫీసులు, 1860 నాటికి 28 వేల పైచిలుకు. ఈ మధ్యలో జరిగిందేమిటంటే, ప్రతి కొత్త దారినీ ఫలానా ఊరి నుంచి ఫలానా ఊరి మీదుగా ఫలానా ఊరికి అని చట్టంలో ఎక్కించాలి కాబట్టి, కాంగ్రెస్ సభ్యులంతా తలా ఒక దారి పట్టుకుపోయి తమ నియోజకవర్గంలో వేయించుకున్నారు. మా ఎంపీలు తమ ఊరి స్టేషన్లో ఎక్స్‌ప్రెస్ రైలు ఆపించుకున్నట్టే. జనం కూడా ఊరికే కూర్చోలేదు, మా ఊరికి టపా కావాలంటూ సంతకాలు పెట్టి అర్జీల మీద అర్జీలు పంపారు. దారి చట్టంలో పడింది, బాగానే ఉంది. మరి ఆ దారిన సంచీ మోసుకుంటూ పోయేదెవరు?

ఆ ప్రశ్నకి జవాబుగా పుట్టారు మీరు, 1845లో. అంతకుముందు టపా కాంట్రాక్టుల్లో పెద్దపీట గుర్రబ్బండ్ల కంపెనీలది, వాళ్లకి ఇచ్చే సొమ్ము ఎక్కువ, అదంతా ఉత్తరాల మీదే పడేది. 400 మైళ్లు దాటితే ఒక్క కాగితం ఉత్తరానికి 25 సెంట్లు, అదీ చాలాసార్లు అందుకున్నవాడి జేబులోంచే. 1845 చట్టంతో 300 మైళ్ల లోపు అర ఔన్సు ఉత్తరానికి 5 సెంట్లు, అది దాటితే 10 సెంట్లు చేశారు. జనం సంతోషించారు. కానీ రాబడి తగ్గితే ఖర్చు కూడా తగ్గాలిగా, అందుకని అదే చట్టంలో ఇంకో ముక్క పెట్టారు: బండి మీద తెస్తావో, గుర్రం మీద తెస్తావో, కాళ్లీడ్చుకుంటూ తెస్తావో మాకు అనవసరం, పూచీకత్తు ఉండి అందరికంటే తక్కువ పాడినవాడికే కాంట్రాక్టు. మా దగ్గర ఎల్1 టెండరు అంటారు దీన్ని, దాని లీలలు తెలియనివాళ్లు మా రోడ్ల మీద బండి నడిపి చూడొచ్చు.

షరతులు మూడే. టపా వేగంగా చేరాలి, తప్పకుండా చేరాలి, భద్రంగా చేరాలి. వినడానికి ఎంత బాగుంది! కాకపోతే ప్రతి కాంట్రాక్టు దగ్గరా ఈ మూడు మాటలూ చేత్తో రాయలేక గుమస్తాలకి విసుగొచ్చి, వాటి బదులు మూడు స్టార్ గుర్తులు గీసి ఊరుకున్నారు. మీ నామకరణం అలా జరిగింది. ఒక దేశం తన పౌరులకి ఇచ్చిన హామీని ఇంత పొదుపుగా రాసినవాళ్లు మరెక్కడా ఉండరేమో. ఆ మూడింట్లో మోసేవాడి గురించి ఒక్క చుక్కా లేదని మీరు గమనించారో లేదో.

1851 సంగతి గుర్తుందా? కాలిఫోర్నియాలో బంగారం దొరికి జనం ఎగబడిపోయారు, తూర్పు నుంచి టపా ఓడెక్కి, పనామా దగ్గర దిగి నేల దాటి, మళ్లీ ఓడెక్కి వచ్చేది. నేల మీద దారి కావాలని శాక్రమెంటో నుంచి సాల్ట్ లేక్ సిటీకి నెలకోసారి కాంట్రాక్టు పిలిస్తే, చోర్పెనింగ్, వుడ్‌వర్డ్ అనే ఇద్దరు ఏడాదికి 14,000 డాలర్లకి పాడేసుకున్నారు. సియెర్రా నెవాడా మంచు కొండలు, ఆ తర్వాత ఎడారి, ఇదంతా 30 రోజుల్లో దాటాలి, కంచర గాడిదల మీద. అదే ఏడాది వుడ్‌వర్డ్ దారిలోనే దాడిలో చచ్చిపోయాడు. ఆ చలికాలంలో గాడిదలు గడ్డకట్టి చస్తే మనుషులు సంచులు వీపున వేసుకుని 200 మైళ్లు నడిచి సాల్ట్ లేక్ చేరారు. టపా అయితే చేరింది, కాబట్టి రిజిస్టర్లో మీ రెండో చుక్క భేషుగ్గా ఉన్నట్టే. ఇంకో మాట, ఆ నేల అక్కడి ఆదివాసులైన షోషోనీలది, పైయూట్లది. టెండరు పిలిచినవాళ్లు వాళ్లని మాత్రం పిలవలేదు, మా ఇంటి మధ్యలోంచి దారేమిటని వాళ్లు అడ్డం పడితే దారి దోపిడీ అని రాశారు.

ఇక జాన్ థాంప్సన్. నార్వేలో పుట్టినవాడు. 1856 నుంచి ఇరవై ఏళ్లపాటు చలికాలమల్లా కాలిఫోర్నియాలోని ప్లాసర్విల్ నుంచి కొండలకి అవతలున్న జెనోవాకి, దాదాపు 90 మైళ్లు, పొడుగాటి చెక్క స్కీలు కట్టుకుని వీపున టపా మోశాడు. వెళ్లడానికి మూడు రోజులు, రావడానికి రెండు. కంబళి తీసుకెళ్తే బరువని అదీ తీసుకెళ్లేవాడు కాదట. మీ మూడు చుక్కలూ ఒక్క మనిషిలో కనబడాలంటే ఈయన్నే చూపించాలి. మరి జీతం? పోస్టల్ వాళ్లు ఇవ్వలేదు. 1870ల్లో పాత బాకీ ఇప్పించమని కాంగ్రెస్‌ని వేడుకున్నాడు, చుట్టుపక్కల జనమంతా సంతకాలు కూడా పెట్టారు. 1876లో పోయేదాకా ఒక్క డాలరు రాలలేదు.

మరోవైపు మీ పెద్దన్న బటర్‌ఫీల్డ్ ఓవర్‌లాండ్ మెయిల్ అనే గుర్రబ్బండ్ల కంపెనీ వారిది వేరే లెక్క. 1858లో మొదలు, ఏడాదికి 6 లక్షల డాలర్లు, వారానికి రెండుసార్లు, 25 రోజుల్లో శాన్ ఫ్రాన్సిస్కో. దారేమో సెయింట్ లూయిస్, మెంఫిస్‌ల నుంచి బయల్దేరి కిందకి దిగి, ఎల్ పాసో, ట్యూసాన్ తిరిగి, మళ్లీ పైకెక్కి, మొత్తం 2,800 మైళ్లు. ఎందుకంత చుట్టూ అంటే దక్షిణాన మంచు పడదని చెప్పారు. నిజమే. అప్పటి పోస్ట్‌మాస్టర్ జనరల్, అంటే దేశం మొత్తం తపాలా శాఖకి అధిపతి, ఆరన్ బ్రౌన్ గారిది టెనెసీ అనీ, మెంఫిస్ టెనెసీలోనే ఉందనీ అన్నవాళ్లు కూడా ఉన్నారు, అదీ నిజమే.

మీ మూడో చుక్క, భద్రత, దాన్ని ఎవరి నుంచి కాపాడారో కూడా చెప్పుకోవాలి. 1802లోనే చట్టం చేశారు, టపా మోసేవాడు స్వేచ్ఛ ఉన్న తెల్లవాడై ఉండాలని. అప్పటి పోస్ట్‌మాస్టర్ జనరల్ గిడియన్ గ్రేంజర్ రాసిన ఉత్తరంలో కారణం దాచుకోలేదు: నల్లవాళ్లు టపా పట్టుకుని ఊరూరా తిరిగితే మనిషి హక్కులు ఒంటి రంగుని బట్టి ఉండవని తెలుసుకుంటారు, ఆపైన కబుర్లు చేరవేసుకుని తిరగబడతారు. అంటే పోస్టు పని ఏమిటో ఆయనకి అందరికంటే బాగా తెలుసన్నమాట. ఆ చట్టం 1865 దాకా కదల్లేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్లకి, బానిసగా పుట్టిన మేరీ ఫీల్డ్స్ అరవై దాటిన వయసులో మోంటానాలోని కాస్కేడ్ దగ్గర మీ కాంట్రాక్టే తీసుకుంది. మంచు లోతుగా పడి గుర్రాలు నడవకపోతే ఆవిడే సంచీ భుజాన వేసుకుని నడిచేది.

ఇంత తక్కువకి పాడి, ఇంత కష్టపడి, మరి లాభం చేసుకున్నవాడు లేడా? ఉన్నాడు, వాడు మాత్రం మంచులో అడుగు పెట్టలేదు. చవగ్గా పాడు, కాంట్రాక్టు చేజిక్కించుకో, తర్వాత ట్రిప్పులు పెంచాలి, వేగం పెంచాలి అని జనం చేత అర్జీ పెట్టించు, వాషింగ్టన్లో మనవాడు సంతకం పెడితే రేటు ఎన్నో రెట్లు. మూణ్ణాలుగు ఇళ్లున్న గూడేలకి కూడా హడావుడి టపా! సంతకం పెట్టే ఆ మనవాడు రెండో అసిస్టెంట్ పోస్ట్‌మాస్టర్ జనరల్ థామస్ బ్రాడీ అనీ, కాంట్రాక్టుల వెనక మాజీ సెనేటర్ స్టీఫెన్ డోర్సీ ఉన్నాడనీ 1881లో గుట్టు రట్టయింది. కేసు నడిచింది, ఒకసారి కాదు రెండుసార్లు. 1883లో జ్యూరీ వీళ్లిద్దరినీ నిర్దోషులని ఇళ్లకి పంపించేసింది. అంటే థాంప్సన్ బాకీకి సరిపడా సాక్ష్యం లేదు, వీళ్ల లూటీకీ లేదు, మీ రిజిస్టర్ ఎంత నిష్పాక్షికమో చూడండి.

మీరు పెదవి విప్పి ఒక్క మాటా అనలేదు. రైళ్లొచ్చాక కూడా అంతే. 1864 నుంచి రైలు పెట్టెల్లోనే ఉత్తరాలు విడదీసే ఏర్పాటు, 1869లో పసిఫిక్ దాకా పట్టాలు, ఘనతంతా పొగబండికి పోయింది. స్టేషన్ నుంచి ఊళ్లోకి మళ్లీ మీరే. ఆఖరికి ఇరవయ్యో శతాబ్దంలో మీ పేరూ తీసేసి హైవే కాంట్రాక్ట్ రూట్ అన్నారు. చుక్కలు పోయాయి, కాంట్రాక్టు మాత్రం ఉంది.

ఇట్లు,
మీ విధేయుడు

తా.క.: పోనీ ఎక్స్‌ప్రెస్ గురించి చెప్తానన్నాను కదా. 1860 ఏప్రిల్లో మొదలై, పది రోజుల్లో ఖండం దాటిస్తానని ఊరేగి, టెలిగ్రాఫ్ తీగ కలిసిన రెండు రోజులకే, 1861 అక్టోబర్లో, దుకాణం కట్టేసింది. ఏడాదిన్నర కాపురం, యజమానులకి అప్పులు. మొదట్లో దాని రేటు అర ఔన్సుకి 5 డాలర్లు, అదే ఉత్తరం మామూలు టపాలో 10 సెంట్లు. నా ఈ ఉత్తరం అర ఔన్సు దాటింది, కాబట్టి మీ దారినే పంపిస్తున్నాను. ఏమనుకోకండి.