సవరణ: ఆ ఖానుమ్ వేరు, ఈ ఖానుమ్ వేరు

మొన్న 2006 నాటి హిందీ సినిమా ‘ఉమ్రావ్ జాన్’ గురించి రాస్తూ, పాతదాంట్లోనూ కొత్తదాంట్లోనూ వేశ్యాగృహం నడిపే ఖానుమ్‌గా షబానా ఆజ్మీయే వేశారని రాసేశాను. తప్పు. 1981 సినిమాలో ఆ వేషం వాళ్ళమ్మ షౌకత్ కైఫీది. పాతికేళ్ళకి జె.పి. దత్తా మళ్ళీ తీసినప్పుడు అదే పాత్ర కూతురికొచ్చింది. పాలకొల్లు నుంచి ఓ రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేసి, “తల్లినీ కూతుర్నీ కలిపేస్తే ఎలాగండీ?” అన్నారు. నిజమేనండీ.

పాటలు రెండిట్లోనూ కవి షహర్యార్‌వే అన్నదీ తప్పే. రెండోదానికి రాసింది జావేద్ అఖ్తర్.

కొత్తదాన్ని విమర్శకులు ఉతికి ఆరేశారన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను, కాస్త సర్దుతాను. వాళ్ళ గొడవ హంగుల మీద కాదు. మూడు గంటల నిడివి, నత్తనడక, అన్నిటికీ మించి పాతదాంట్లో ఉమ్రావ్‌గా వేసిన రేఖతో పోలిక. మొదటి సినిమాకి 4 జాతీయ అవార్డులొచ్చాయి: నటనకి రేఖకి, సంగీతానికి ఖయ్యాంకి, పాటకి ఆశా భోంస్లేకి, ఇంకోటి కళాదర్శకత్వానికి. ఆ మూట నెత్తినెట్టుకుని కొత్త ఉమ్రావ్ ఐశ్వర్యా రాయ్ ఏం చేసినా తక్కువే కనపడింది. నేనూ ఆ పాపంలో భాగస్తుణ్ణే.

కొత్త సినిమాని “బెల్లం మర్చిపోయిన పూతరేకు” అన్నందుకు మా ఆత్రేయపురం బావ నొచ్చుకున్నాడు. బావా, రేకుని ఏమీ అనలేదయ్యా!

అన్నట్టు, రెండిటికీ మూలం మీర్జా హాదీ రుస్వా 1899 నాటి ఉర్దూ నవల. పోయినసారి ఆ మాటే రాయలేదు.